‘ఎకానమీ బాగుంది’ అంటే ఏది బాగున్నట్టు? వార్త చదివే పద్ధతి

పేపరు మొదటి పేజీలో ‘ఆర్థిక వ్యవస్థ పరుగులు’ అని ఉంటుంది. లోపలి పేజీలో ఒక వ్యాసకర్త ‘ఆర్థిక వ్యవస్థ ఇంకా కోలుకోలేదు’ అని రాస్తారు. సాయంత్రం టీవీలో సెన్సెక్స్ పడిందని ‘ఎకానమీకి గట్టి దెబ్బ’ అంటారు. ఈ మూడూ ఒకే రోజు నిజం కావచ్చు. ముగ్గురూ మూడు వేరు వేరు లెక్కలు పట్టుకుని మాట్లాడుతున్నారు, పేరు మాత్రం అన్నిటికీ ఒకటే పెట్టారు.

నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్షలు, రాసే పిల్లలకు ఎకానమీ చెబుతాను. తెలంగాణ గ్రూప్-2లో అది మూడో పేపరు, 150 మార్కులు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చుని చదివే పిల్లలు అంకెలన్నీ కంఠతా పట్టి వస్తారు. అంకె చెప్పమంటే తడుముకోరు. ఆ అంకె దేన్ని కొలుస్తోందని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. తప్పు వాళ్ళది కాదు, మెటీరియల్ అలా తయారవుతోంది. ఈ గైడు వాళ్ళ కోసం మొదలుపెట్టాను కానీ పేపరు చదివే ఎవరికైనా పనికొస్తుంది. పరీక్ష రాయని వాళ్ళకే ఎక్కువ అవసరమేమో కూడా.

ఆర్థిక వార్త కనబడగానే నాలుగు సంగతులు వెతకండి. ఇది ఏ పద్దు? ఎవరి లెక్క? ఎప్పటితో పోల్చారు? పెరిగిన ధరలను తీసేశాక చెప్పిన అంకేనా? నాలుగింటికీ వార్తలోనే జవాబు దొరికితే అది మంచి వార్త. రెండింటికే దొరికితే మిగతా రెండూ మీరు వెతుక్కోవాలి.

ముందు పద్దు పట్టుకోండి

వార్తలో వాడిన మాటలే పద్దును పట్టిస్తాయి. జీడీపీ (స్థూల దేశీయోత్పత్తి), వృద్ధి రేటు, తలసరి ఆదాయం అని ఉంటే ఉత్పత్తి పద్దు. ద్రవ్యోల్బణం, ధరల సూచీ, రెపో రేటు అని ఉంటే ధరల పద్దు. నిరుద్యోగిత రేటు, శ్రామిక శక్తి భాగస్వామ్యం అంటే పనుల పద్దు. ద్రవ్య లోటు, రెవెన్యూ లోటు, అప్పులు అంటే ప్రభుత్వ ఖజానా. సెన్సెక్స్, నిఫ్టీ అంటే షేర్ల మార్కెట్. ఇవి కాక పొదుపు అనే పాత అర్థం ఒకటుంది. రైల్లో త్రీ ఏసీ ఎకానమీ బోగీ పేరులో ఉన్నది అదే, దాన్ని అక్కడే వదిలేయవచ్చు. గిగ్ ఎకానమీ, డిజిటల్ ఎకానమీ లాంటివి కొత్త పద్దులు కావు, పై వాటిలోనే ఒక ముక్కకు పెట్టిన పేర్లు.

ఒక పద్దు బాగుంటే మిగతావీ బాగుంటాయన్న నియమం లేదు. 2020-21లో కరోనా వల్ల దేశ ఉత్పత్తి అంతకుముందు ఏడాది కన్నా తగ్గింది. అదే ఆర్థిక సంవత్సరంలో, 2021 జనవరి 21న, సెన్సెక్స్ మొదటిసారి 50,000 తాకింది. సెన్సెక్స్‌లో ఉండేది 30 కంపెనీలు. వాటి షేర్లు కొనేవాళ్ళు రాబోయే లాభాలను ఊహించి కొంటారు. బేగంబజారులో హమాలీకి ఆ నెల పని దొరికిందా లేదా అన్నది ఆ సూచీలో ఎక్కడా ఉండదు. షేర్ల మార్కెట్ గురించి ఈ గైడులో ఇంతకన్నా చెప్పను, దానికి ఇప్పటికే కావలసినదానికన్నా ఎక్కువ చోటు దొరుకుతోంది.

ఉత్పత్తి పద్దు: ఒక కప్పు ఇరానీ చాయ్

జీడీపీ అంటే ఏడాదిలో దేశంలో జరిగిన కొనుగోళ్ళు, అమ్మకాలన్నీ కలిపిన మొత్తం అనుకునేవాళ్ళు చాలామంది. కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర హోటల్లో కప్పు చాయ్ ఇరవై రూపాయలు అనుకుందాం. అందులో పాలకు ఏడు, టీ పొడికి రెండు, చక్కెరకు, గ్యాసుకు కలిపి మూడు రూపాయలు పోయాయి. అంటే బయటి నుంచి కొన్నవి పన్నెండు. హోటలు తనవంతుగా కలిపిన విలువ ఎనిమిది. జీడీపీలోకి హోటలు పేరున ఎక్కేది ఆ ఎనిమిదే. మిగతా పన్నెండు పాల రైతు, తేయాకు తోట, చక్కెర మిల్లు, గ్యాస్ కంపెనీల పేరున ఎక్కుతుంది. మొత్తం కలిపితే ఇరవై. పాలు అమ్మినప్పుడు ఏడు, మళ్ళీ చాయ్ అమ్మినప్పుడు ఇరవై అని కలుపుకుంటూ పోతే ఒకే పాలను రెండుసార్లు లెక్కపెట్టినట్టే. అందుకే ‘అదనపు విలువ’ అన్న మాట. ఏడాదిలో దేశంలో అందరూ ఇలా కలిపిన అదనపు విలువల మొత్తమే సుమారుగా జీడీపీ. ఈ ఒక్క లెక్కను మీ చేత్తో కాగితం మీద ఒకసారి వేసి చూడండి, జీడీపీ మీద వచ్చే బిట్లలో సగం వాటంతటవే తేలిపోతాయి.

ఇప్పుడు ఇదే పద్ధతిలో కూకట్‌పల్లిలో పాత ఫ్లాటు అమ్మకాన్ని చూడండి. ఎనభై లక్షలు చేతులు మారాయి. జీడీపీలోకి ఎనభై లక్షలు ఎక్కవు, ఎందుకంటే ఆ ఫ్లాటు కట్టిన ఏడాదే ఎక్కేసింది. ఈ ఏడాది ఎక్కేది బ్రోకరు కమీషను, రిజిస్ట్రేషను పనిలో సాయపడినవారి ఫీజు లాంటివి. షేర్లు కొన్నా అంతే. కనుక ‘నగరంలో వేల కోట్ల రియల్ ఎస్టేట్ లావాదేవీలు’ అని వార్త వస్తే అందులో కొత్తగా కట్టినవెన్ని, చేతులు మారినవెన్ని అని విడదీయండి.

చాయ్ దగ్గరికే మళ్ళీ వద్దాం. అదే చాయ్ అమ్మ ఇంట్లో కాస్తే? పాలు, పొడి, చక్కెర లెక్కలోకి వస్తాయి. కాసిన చేతి శ్రమ రాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్ళు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మగవాళ్ళు 97 నిమిషాలు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. రోజుకు దాదాపు అయిదు గంటల పని, కోట్ల ఇళ్ళలో, ఏ వృద్ధి రేటులోనూ లేదు. ఇంటావిడ ఉద్యోగానికి వెళ్ళి వంటమనిషిని పెట్టుకుంటే మాత్రం జీడీపీ రెండు వైపులా పెరుగుతుంది. వంట అదే, తినేవాళ్ళూ వాళ్ళే. ఇది చెప్పినప్పుడు క్లాసులో ఆడపిల్లలు తలెత్తి చూస్తారు, నాకు ఆ పాఠమంటే చాలా ఇష్టం.

జాతీయ ఆదాయాన్ని లెక్కగట్టే పద్ధతిని అమెరికాలో తీర్చిదిద్దిన సైమన్ కుజ్నెట్స్, 1934లో అక్కడి చట్టసభకు ఇచ్చిన నివేదికలోనే ఈ అంకెను బట్టి ప్రజల బాగోగులను అంచనా కట్టలేమని హెచ్చరించారు. మన మెటీరియల్‌లో ఆయన పేరు ఉంటుంది, ఆ హెచ్చరిక ఉండదు. దాదాభాయ్ నౌరోజీ 1867-68కి తలసరి ఆదాయం 20 రూపాయలని లెక్కగట్టారన్న బిట్టు అందరికీ వచ్చు. ఆయన ఆ లెక్క ఎందుకు వేశారన్నది అంతకన్నా ముఖ్యం. ఒక సగటు మనిషికి తిండికీ బట్టకూ కనీసం ఎంత కావాలో కూడా లెక్కగట్టి, ఆ రెండూ పక్కపక్కన పెట్టి, ఈ దేశం పేదరికంలో ఉందని పాలకులకు చూపడానికి వేశారు. తలసరి అంకెను చదవాల్సిన పద్ధతి అది. ఒక్కదాన్నే చూడకూడదు, పక్కన పెట్టడానికి ఇంకొకటి ఉండాలి.

ఎవరి లెక్క? రంగారెడ్డి, వికారాబాద్ పాఠం

తాండూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చి పుస్తకం చూపించింది. జిల్లాల తలసరి ఆదాయం పట్టికలో రంగారెడ్డి అన్నిటికన్నా పైన ఉంది. వికారాబాద్ కింది వరుసల్లో ఉంది. “మేడమ్, మేము చిన్నప్పుడు రంగారెడ్డి జిల్లాలోనే కదా ఉన్నాం. అప్పుడు మేము ధనవంతులమా?” అని అడిగింది.

ఇంతకన్నా మంచి ప్రశ్న ఆ పట్టిక మీద ఎవరూ అడగలేరు. 2016 అక్టోబరు 11న జిల్లాలను విభజించినప్పుడు తాండూరు, పరిగి, వికారాబాద్ ప్రాంతాలు రంగారెడ్డి నుంచి వేరుపడ్డాయి. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట, శంషాబాద్ విమానాశ్రయం రంగారెడ్డిలోనే ఉండిపోయాయి. జిల్లా ఆదాయాన్ని ప్రధానంగా ఉత్పత్తి ఎక్కడ జరిగిందన్న దాన్ని బట్టి కడతారు. నానక్‌రాంగూడలోని సాఫ్ట్‌వేర్ కంపెనీ కలిపిన విలువ రంగారెడ్డికి జమ అవుతుంది. అందులో పనిచేసేవాళ్ళు హైదరాబాద్ జిల్లాలో ఉండవచ్చు, కంపెనీ లాభం ఇంకో దేశానికి వెళ్ళిపోవచ్చు. ఆ మొత్తాన్ని యాచారం రైతును, షాబాద్ కూలీని కూడా కలుపుకుని జనాభాతో భాగిస్తే తలసరి వస్తుంది. యాచారం రైతు చేతికి ఆ డబ్బు వచ్చిందని దానర్థం కాదు.

ఆ అమ్మాయికి ఇలా చెప్పాను. “మీ ఇల్లు కదల్లేదమ్మా, మీ పొలం కదల్లేదు. గీత కదిలింది. గీతకు అటువైపు ఏముందో చూసుకుని అంకె చదువు.” తర్వాత ఇద్దరం కూర్చుని రాష్ట్ర ప్రభుత్వం బడ్జెట్ సమయంలో ఏటా విడుదల చేసే సామాజిక ఆర్థిక సర్వేలో రెండు జిల్లాల పట్టికలు తీశాం. తలసరి పక్కన ఏ రంగం నుంచి ఎంత వచ్చిందన్నది కూడా చూశాం. మీరూ అదే చేయండి. తలసరి ఆదాయం కనబడితే మూడు ప్రశ్నలు వేయండి: హద్దు ఎక్కడ గీశారు, ఆ హద్దులోపల విలువ ఎక్కువగా ఏ రంగం నుంచి వస్తోంది, ఆ రంగంలో ఎంతమంది పనిచేస్తున్నారు. దేశానికైనా, రాష్ట్రానికైనా ఇవే మూడు. ‘ఇన్ని లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ’ అని రాస్తే ఇంకొకటి చేర్చండి: రూపాయల్లో ఎంత? డాలరు ధర మారితే మన ఉత్పత్తిలో ఏ మార్పూ లేకుండానే ఆ అంకె మారుతుంది.

ధరల పద్దు: తగ్గింది ఏమిటి?

‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అన్న వార్త చదివి బజారుకు వెళ్ళినవాళ్ళకు కోపం వస్తుంది. ధరలేవీ తగ్గి ఉండవు కాబట్టి. తగ్గింది ధర కాదు, ధర పెరిగే వేగం.

2023 జూలైని గుర్తు తెచ్చుకోండి. మెహిదీపట్నం రైతుబజారులో కూడా టమాటా కిలో వంద దాటిన నెల అది. ఆ నెల చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం. మరుసటి ఏడాది జూలైలో అది సుమారు 3.6 శాతానికి దిగింది. సగానికి సగం తగ్గిందని రాశారు. 2022 జూలైలో వంద రూపాయలకు వచ్చిన సరుకు మీద వేసి చూడండి. 2023లో అది 107 రూపాయల 44 పైసలు. 2024లో దాని మీద ఇంకో 3.6 శాతం, అంటే 111 దాటింది. అంకె దిగడానికి పెద్ద కారణం 2023 జూలై ధరలు అప్పటికే కొండెక్కి ఉండటం. ఎత్తు మీద నిలబెట్టి కొలిస్తే పెరుగుదల తక్కువగానే కనబడుతుంది. దీన్నే బేస్ ఎఫెక్ట్ అంటారు. జీడీపీలోనూ ఇదే జరుగుతుంది. 2020 ఏప్రిల్-జూన్‌లో ఉత్పత్తి దాదాపు 24 శాతం పడిపోయింది, 2021లో అవే నెలల్లో 20.1 శాతం పెరిగిందని వచ్చింది. వంద నుంచి 76కు పడి, అక్కడి నుంచి ఇరవై శాతం లేస్తే 91 చిల్లర. ఇంకా వందకు చేరలేదు.

రెండో సంగతి, ఆ సగటు మీ ఇంటి సగటు కాదు. చిల్లర ధరల సూచీలో, 2012 ఆధార సంవత్సరంగా (పోలికకు వందగా పెట్టుకునే ఏడాదిగా) ఉన్న శ్రేణిలో, ఆహార పానీయాల వెయిటేజీ 45.86 శాతంగా ఉండేది. ఆ శ్రేణిలో ఇంటి అద్దెను పట్టణాల్లోనే లెక్కగట్టారు, పల్లెల సూచీలో అది ఉండేది కాదు. అశోక్‌నగర్‌లో గది తీసుకున్న కుర్రాడి ఖర్చు ఈ తూకానికి సరిపోదు. అందుకే మా పిల్లల చేత సొంత సూచీ వేయిస్తాను. నెలకు పదివేలు ఖర్చనుకోండి. గదిలో వాటా నాలుగు వేలు, మెస్సుకు మూడున్నర వేలు, పుస్తకాలకూ జిరాక్సులకూ వెయ్యి, బస్సుకూ ఫోనుకూ మిగతా పదిహేను వందలు. ఏడాదిలో గది అద్దె పది శాతం, మెస్సు ఎనిమిది శాతం పెరిగి మిగతావి కదలలేదనుకుంటే పెరిగింది 400, 280, వెరసి 680 రూపాయలు. మీ ద్రవ్యోల్బణం 6.8 శాతం. దేశానిది మూడే కావచ్చు. రెండూ నిజాలే. ఇంటికి ఫోను చేసి డబ్బు అడిగేటప్పుడు పనికొచ్చేది మాత్రం మొదటిదే.

ధరల్లో ఇంకో మెలిక ఉంది, తాండూరు అమ్మాయి వల్లనే క్లాసులో అందరికీ అర్థమైంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కందిపప్పు ధర దిగితే నగరంలో ఇల్లు నడిపేవాళ్ళకు ఊరట, పేపర్లో ‘ఉపశమనం’ అని శీర్షిక. అదే నెల ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకు మార్కెట్ యార్డులో వచ్చే ధర కూడా దిగుతుంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. యార్డులో పలికే ధరను దాని పక్కన పెట్టి చూస్తే ఆ ‘ఉపశమనం’ ఎవరికో తెలుస్తుంది. కాబట్టి ధరల వార్త చదివినప్పుడు కొనేవాళ్ళ వైపు నుంచి ఒకసారి, అమ్మేవాళ్ళ వైపు నుంచి ఒకసారి చదవండి.

రిజర్వు బ్యాంకు సంగతి ఇక్కడే తేల్చేద్దాం. 2016లో చట్టాన్ని సవరించి, చిల్లర ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ రెండు శాతం తేడాతో ఉంచే బాధ్యత దానికి అప్పగించారు. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపో రేటును, ఆరుగురు సభ్యుల కమిటీ నిర్ణయిస్తుంది. మీ ఇంటి రుణం వాయిదా ఈ రేటుకు ముడిపడి ఉంటే అది మీ వార్త. లేకపోతే పరీక్షకు గుర్తుంచుకుంటే చాలు.

పనుల పద్దు: ఎవరిని లెక్కపెట్టారు?

ఇది మా అశోక్‌నగర్ పద్దు. దీన్ని తేలిగ్గా చదవకండి.

దేశంలో నిరుద్యోగితను 2017 నుంచి శ్రామిక శక్తి సర్వే ద్వారా కొలుస్తున్నారు. వారపు లెక్కన చూస్తే, గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పనిచేసిన మనిషి ఉద్యోగి కిందికే వస్తాడు. తండ్రి కిరాణా కొట్టులో జీతం లేకుండా కూర్చునే కొడుకు కూడా ఉద్యోగే. నిరుద్యోగి అనిపించుకోవాలంటే పని లేకపోవడమే కాదు, పని వెతుకుతూనో పనికి సిద్ధంగానో ఉండాలి. చదువుకుంటున్నాడని నమోదైన మనిషి అసలు శ్రామిక శక్తిలోనే ఉండడు, నిరుద్యోగిత రేటును అతను ఒక్క చుక్క కూడా పెంచడు.

కనుక ఒక్క నిరుద్యోగిత రేటు చూసి ఊరుకోకండి. పక్కనే శ్రామిక శక్తి భాగస్వామ్య రేటు ఉంటుంది, పనిచేసే వయసువారిలో ఎంతమంది పనిలోనో పని వెతుకులాటలోనో ఉన్నారో అది చెబుతుంది. తర్వాత 15-29 వయసువారి పట్టిక తీయండి, మొత్తం సగటులో కనబడనిది అక్కడ కనబడుతుంది. చివరగా పనిలో ఉన్నవాళ్ళలో నెల జీతగాళ్ళెంత, రోజు కూలీలెంత, సొంత పని చేసుకునేవాళ్ళెంత అన్నది చూడండి. ఉద్యోగాలు పెరిగాయన్న వార్త ఏ వరుస పెరగడం వల్ల వచ్చిందో తెలియకపోతే ఆ వార్త సగమే చదివినట్టు.

ఖజానా

ప్రభుత్వ లెక్కల్లో రెండు లోటులను కలపకండి. రెవెన్యూ లోటు ఉందంటే జీతాలు, పింఛన్లు, వడ్డీల లాంటి రోజువారీ ఖర్చుకే వచ్చే ఆదాయం చాలడం లేదని. ద్రవ్య లోటు అంటే ఆ ఏడాది మొత్తం ఖర్చులో అప్పు తెచ్చి పూడ్చాల్సిన భాగం, అందులో రోడ్డు వేయడానికి చేసిన అప్పూ ఉంటుంది. మొదటిది ఎక్కువైతే కంగారు పడాలి. రెండోది ఎక్కువైతే ముందు దేనికి ఖర్చు పెట్టారో చూడాలి. ఆదాయం వైపు కూడా ఏటా వచ్చేదా, ఒక్కసారి వచ్చేదా అని అడగండి. 2023లో మన హైదరాబాద్ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు టోల్ హక్కును ముప్ఫై ఏళ్ళకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు. అలాంటి సొమ్ము వచ్చిన ఏడాదిని, రాని ఏడాదితో నేరుగా పోల్చకూడదు.

తేదీ లేని అంకె రాయకండి

దేశ జీడీపీకి ఒకే ఏడాదికి చాలా అంకెలు వస్తాయి. జనవరి మొదట్లో మొదటి ముందస్తు అంచనా, ఫిబ్రవరి చివర రెండోది, మే చివర తాత్కాలిక అంచనా, ఆ తర్వాత సవరణలు. మూడు పుస్తకాల్లో మూడు అంకెలుంటే మూడూ సరైనవే అయి ఉండవచ్చు, తేదీలు వేరు. నోట్సులో ప్రతి అంకె పక్కన నాలుగు ముక్కలు రాసుకోండి: ఏ సంవత్సరానిది, ఏ అంచనా, ప్రస్తుత ధరల్లోనా స్థిర ధరల్లోనా, ఆధార సంవత్సరం ఏది. ప్రస్తుత ధరల్లో పది శాతం వృద్ధి అని ఉంటే అందులో ధరల పెరుగుదల కలిసే ఉంటుంది. స్థిర ధరల్లో ఆరు అని ఉంటే అదే అసలు పెరిగిన ఉత్పత్తి. 2015లో తెచ్చిన శ్రేణికి 2011-12 ఆధార సంవత్సరం. ఆధారం వేరైన రెండు శ్రేణుల అంకెలను పక్కపక్కన పెట్టి వృద్ధి తీస్తే జవాబు తప్పుతుంది.

గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్ళు ‘భారత ఆర్థిక వ్యవస్థ బలంగా ఉంది’ అని ఎత్తుకోకుండా, ‘స్థిర ధరల్లో ఉత్పత్తి ఇంత శాతం పెరిగింది, అదే కాలంలో యువత నిరుద్యోగిత ఇంత ఉంది’ అని రెండు పద్దులను తేదీలతో పక్కపక్కన పెట్టి మొదలుపెట్టండి. ద్రవ్యోల్బణం వార్త ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో వస్తుంది. ఈసారి వచ్చినప్పుడు శీర్షిక చదివి పక్కన పెట్టి, మొదట్లో చెప్పిన ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబులు మీ నోట్సులో రాసి, ఆ తర్వాతే లోపలి వార్త చదవండి.